తోక లేని జవాబు

లాంచి నడిపే మనిషిని పిలవడానికి ఆ రేవులో మాటలకు కరువు లేదు. ఆఫీసు బోర్డు మీద మాస్టరు. ఇస్త్రీ చొక్కాల ప్రయాణికులకు కెప్టెన్. చేపల బుట్టలతో ఎక్కే ముసలివాళ్ళకు తండేలు. లాంచి మీద పనిచేసేవాళ్ళకు మాత్రం సరంగు, ఎప్పటికీ సరంగే. పాత సరంగు చక్రం పట్టినన్నాళ్ళూ ఈ నాలుగు మాటలూ ఆయన వెనకాలే తిరిగాయి. మోకాళ్ళు అరిగి ఆయన ఇంటిపట్టున కూర్చున్నాక, పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, ఆమె ఆ చక్రం పట్టుకుంది. ఆ రోజు నుంచి నాలుగు మాటలూ ఎటు పోయాయో పోయాయి. ఆఫీసుకు ఆమె మేడం. ప్రయాణికులకు ఏమమ్మా. తాళ్ళు చూసే కళాసీకి చెల్లెమ్మ. కింద ఇంజను దగ్గరుండే డ్రైవరుకు అమ్మాయి, అదైనా ఇంట్లోనే. లాంచి మీద ఆయన ఆమెను ఏమనీ పిలిచేవాడు కాదు.

డ్రైవరు ఆమె భర్తకు అన్నగారు, ఆమెకు బావగారు. పెళ్ళిచూపులకు వచ్చి, పిల్ల బాగుందని మొదట తల ఊపింది ఆయనే. ఇంట్లో ఆమె ఎదురుపడితే పక్కకు తప్పుకుని దారి ఇచ్చే మనిషి. పల్లెత్తు మాట అని ఎరగడు. చెడ్డవాడైతే ఆమెకు పని తేలికయ్యేది. తిట్టినవాడిని తిరిగి తిట్టవచ్చు, మర్యాదగా నోరు మూసుకున్నవాడిని ఏం చేస్తాం?

చక్రం గది పైన, ఇంజను గది కింద. రెంటికీ మధ్య గోడ వెంట దిగే ఇత్తడి గొట్టం ఒకటే చుట్టరికం. ఒకప్పుడు గంట కూడా ఉండేది. దాని తీగ తెగిపోయింది, బాగుచేయించమని అడిగినవాళ్ళ నోళ్ళు నొప్పిపుట్టాయి. పైనుంచి సరంగు గొట్టంలో "ముందుకు, మెల్లగా" అంటే, కింద డ్రైవరు ఆ మాటే తిరిగి చెప్పి చివర "సరంగు గారూ" అని సాగదీస్తాడు. చూసేవాళ్ళకు అది మర్యాదలా ఉంటుంది గాని, లాంచి మీద ఆ మాటకు వేరే ఉద్యోగం ఉంది. ఇంజను హోరులో జవాబు ముందు సగం ఎప్పుడూ కొట్టుకుపోతుంది. ఆ చివరి సాగదీత ఒక్కటే పైకి వస్తుంది. అది వచ్చిందంటే కిందివాడు విన్నాడు, చెయ్యి మీట మీద వేశాడు అని అర్థం. కళాసీ దానికి తోక అని పేరు పెట్టాడు. తోక చేతికి దొరికితే ఆవు దొరికినట్టే అనేవాడు.

ఆమె చక్రం పట్టిన మొదటి రోజున కింద నుంచి తోక రాలేదు. జవాబే రాలేదు. డ్రైవరు చేతిలో ఉన్న పానాతో గొట్టాన్ని ఒక్కసారి కొట్టాడు. టంగ్. పని మాత్రం చెప్పినట్టే చేశాడు. మర్నాడూ టంగ్, ఆ మర్నాడూ టంగ్. తమ్ముడి భార్యను పట్టుకుని గారు అనడానికి ఆయనకు నోరు తిరగలేదని ఆమెకు తెలుసు. పోనీలే పెద్దవాడు, రేపటికి సర్దుకుంటాడు అనుకుంది. ఆ రేపు రాలేదు. రోజూ పొద్దున్నే గొట్టం నోరు గుడ్డతో తుడిచి, ఆర్డరు చెప్పి, చెవి ఆనించి, ఆ పానా దెబ్బ విన్నప్పుడల్లా ఆమె దవడ బిగుసుకునేది.

ప్రమాదం జరిగిన మధ్యాహ్నం నీరు పోటు మీద ఉంది. లాంచిని వెనకనుంచి రేవు మీదికి తోస్తోంది. కళాసీ ముందు కొసన మోకు చుట్ట పట్టుకుని నిలబడ్డాడు. దిగే తొందరలో జనం అప్పుడే ఒక పక్కకు చేరారు, లాంచి కాస్త ఒరిగింది. ఆమె గొట్టంలోకి వంగి "వెనక్కి, సగం" అంది.

టంగ్.

ఆమె చక్రం సరిచేసుకుని, నీటి అడుగున పంకా వెనక్కి తిరిగినప్పుడు పాదాల కింద వచ్చే వణుకు కోసం చూసింది. రాలేదు. మళ్ళీ అరిచింది. రెండోసారి అరిచిన మాట కిందికి చేరేలోపు లాంచి వెళ్ళి రేవు గుంజలను ఢీకొట్టింది. గుంజలు పగిలాయి, ఒక పలక పైకి లేచింది. అందరికంటే ముందు దిగాలని నిలబడిన బడి పంతులమ్మ చెయ్యి ఆనించి పడింది. ఆవిడ మణికట్టు విరిగిన సంగతి తెలియడానికి డాక్టరు అక్కరలేకపోయింది.

ఆడదాని చేతికి చక్రం ఇస్తే ఇంతే మరి, అని జనంలో ఎవరో అన్నారు. ఎవరన్నారో చూడడానికి ఆమె తల తిప్పలేదు. పంతులమ్మను లేపి కూర్చోబెట్టి, చేతికింద అట్ట పెట్టి గుడ్డతో కట్టింది.

మర్నాడు రేవు ఆఫీసులో విచారణ. బయట బెంచీ మీద ఆమె, డ్రైవరు, కళాసీ కూర్చున్నారు. తలుపు తీసిన బంట్రోతు "సరంగు గారిని రమ్మంటున్నారు" అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది, పాత సరంగు గాని వచ్చాడేమోనని. ఎవరూ లేరు. పిలుపు ఆమెకే.

లోపల ఆఫీసరు కుర్చీ చూపించి, సరంగు గారూ కూర్చోండి అన్నాడు. పక్కన రాసుకుంటున్న గుమాస్తా, సరంగు గారు ఆ సమయంలో ఎక్కడున్నారు అని అడిగాడు. మంచినీళ్ళు కూడా సరంగు గారికే ముందు ఇచ్చారు. ఇన్నాళ్ళూ ఏ నోట్లోనూ పట్టని మాట ఆ పూట అందరి నోళ్ళలోనూ తిరుగుతోంది. చక్రం తిప్పేటప్పుడు మేడం, గుంజలు విరిగేసరికి సరంగు గారు. ఆమెకు నవ్వొచ్చింది, నవ్వు కంటే ముందు ఒళ్ళు మండింది.

ఆఫీసరు డ్రైవరును పిలిపించి, వెనక్కి అన్న ఆర్డరు వినబడిందా అని అడిగాడు. లేదండి, పంపు దగ్గర వంగి ఉన్నాను, రెండోసారి అన్నప్పుడే విన్నాను అన్నాడు డ్రైవరు. అది నిజమే. అబద్ధమాడే మనిషి కాదు. కాని, మరి నువ్వు జవాబెలా ఇస్తావు అని ఎవరూ అడగలేదు, పానా దెబ్బ సంగతి ఆయనంతట ఆయన చెప్పనూ లేదు. చేతిలోని నూనెగుడ్డను మడతమీద మడత పెడుతూ నిలబడ్డాడు. ఆమె నోరు విప్పితే ఆయన ఉద్యోగానికి నీళ్ళొదులుకోవలసిందే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆఫీసరు గొంతు తగ్గించి ఒక దారి చూపించాడు. గొడవ సద్దుమణిగేదాకా ఆమె టికెట్ల కిటికీ దగ్గర కూర్చోవచ్చు. నీడపట్టు పని, జీతం అదే. అవతలి ఒడ్డు నుంచి ఒకాయనను పిలిపించి చక్రం అప్పగిస్తారు. ఎంతయినా లాంచి మీద ఏం జరిగినా సరంగుదే కదా బాధ్యత, అన్నాడు.

"బాధ్యత నాదేనండి" అంది ఆమె. "జవాబు రాకుండానే వచ్చిందనుకున్నాను. ఇన్నాళ్ళూ సరైన జవాబు లేకపోయినా సర్దుకుపోయి లాంచి నడిపాను. ఆ తప్పు నాది, రాసుకోండి. మళ్ళీ చెయ్యను. కిటికీ దగ్గర మాత్రం కూర్చోను."

పశ్చాత్తాపపడుతోంది పాపం అనుకున్నాడు ఆఫీసరు. మళ్ళీ చెయ్యను అన్న మాట ఎటు తగలాలో అటే తగిలి, డ్రైవరు చేతిలో గుడ్డ మడత ఆగిపోయింది. చివరికి ఆఫీసరు, రేపటి నుంచి నడుపుకోండి గాని, ప్రయాణికుల నుంచి ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే లైసెన్సు తెచ్చి ఈ బల్ల మీద పెట్టాల్సి వస్తుంది అని లేచాడు. లేస్తూ, వెళ్ళిరండి మేడం అన్నాడు. విచారణ అయిపోయింది కదా.

అక్కణ్ణించి ఆమె తిన్నగా లాంచి దగ్గరికి వెళ్ళింది. వడ్రంగులు రేవు గుంజలకు కొత్త కర్ర చెక్కుతున్నారు. కళాసీ డెక్కు కడిగి, ఖాళీ బకెట్టును ఎప్పటిలాగే గోడకున్న కొక్కేనికి తగిలించాడు. పక్కనుంచి ఏదో పడవ పోయింది, అల తగిలి లాంచి ఒరిగింది. బకెట్టు ఊగి వెళ్ళి గోడ వెంట దిగే ఇత్తడి గొట్టానికి తగిలింది.

టంగ్.

ఆమె నిలబడిపోయింది. దగ్గరికి వెళ్ళి బకెట్టును చేత్తో ఊపి చూసింది. మళ్ళీ టంగ్. పానా దెబ్బకూ దీనికీ కన్నతల్లి కూడా తేడా చెప్పలేదు. కళాసీ ముఖం పాలిపోయింది.

"చెల్లెమ్మా, నా బకెట్టు వల్లా ఇదంతా?"

"బకెట్టు తప్పేముంది అన్నా? అది ఎవరు కదిలించినా అదే జవాబిస్తుంది. మనిషి కూడా బకెట్టులాగే జవాబిస్తే పైనున్నవాళ్ళకు ఎలా తెలుస్తుంది?" అని, దాన్ని కొక్కెం మీంచి తీసి పక్కన పెట్టింది.

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి భర్త వసారాలో పరదా గుడ్డ కుడుతున్నాడు. లారీల మీద కప్పే మందపాటి గుడ్డ అది, సూది దిగాలంటే అరచేతికి తోలు కట్టుకోవాలి. ఆయన కంటే ముందు తోడికోడలు, డ్రైవరు భార్య, లేచి వచ్చింది. రెండు వాటాలకూ మధ్య ఉన్నది ఒక్క గోడే, వార్త గోడ దాటడానికి ఎంతసేపు? ఆఫీసులో ఆయన పరువు నిలబెట్టావమ్మా అని చేతులు పట్టుకుంది. ఆ వెంటనే అసలు సంగతికి వచ్చింది. రేపు లాంచి మీద ఏదో చెయ్యబోతున్నావని ఆయనకు అనుమానంగా ఉందట, అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదట.

"ఆయన నోరు అంతే. ఇన్నేళ్ళ కాపురంలో నన్నే పేరు పెట్టి పిలిచింది లేదు. ఇదుగో అంటే నేను, అదుగో అంటే పిల్లలు. ఒక్క మాట కోసం ఇంత పంతమా?"

"మాట కోసం కాదక్కా. నిన్న విరిగింది పంతులమ్మ చెయ్యి. అది ఆవిడ తలైతే? ఆఫీసులో తప్పు ఒప్పుకున్నాను. మళ్ళీ అదే తప్పు చేస్తానని ఒప్పుకోలేదు."

తోడికోడలు మింగలేక కక్కలేక నిలబడి, మరిదిగారి వైపు చూసింది. ఆయన అన్నకూ భార్యకూ మధ్య అడకత్తెరలో పోకచెక్క. సూది ఒకవైపు నుంచి గుచ్చి, మరోవైపు నుంచి లాగి, దారం బిగించి, అప్పుడు తల ఎత్తాడు. వదిన వెళ్ళాక నెమ్మదిగా అడిగాడు.

"రేపు నేనూ లాంచి ఎక్కనా?"

"ఎందుకు?"

"ఊరికే."

"వద్దు. మీరొస్తే ఇది ఇంటి గొడవ అవుతుంది. ఇది లాంచి గొడవ."

ఆయన ఆమె బూట్ల తాడు ఒకటి తెగిపోయి ఉందని చూసి, పరదా దారంతో కొత్తది పేని పెట్టాడు.

పొద్దున్న మొదటి ట్రిప్పుకు లాంచి నిండిపోయింది. బడి పిల్లలు, కూరగాయల గంపలు, సైకిళ్ళు. చేతికి కట్టుతో పంతులమ్మ కూడా వచ్చి, ఈసారి బుద్ధిగా మధ్య బల్ల మీద కూర్చుంది. సరంగు గొట్టం నోరు తుడిచి వంగింది.

"ముందుకు, మెల్లగా."

టంగ్.

ఆమె చక్రం మీద చెయ్యి వెయ్యలేదు. తాళ్ళు విప్పమని కళాసీకి చెప్పలేదు. ఇంజను ఉన్నచోటే లాంచిని గుంజుతోంది, మోకులు బిగిసి కిర్రుమంటున్నాయి. "ఆపు" అంది. టంగ్, ఆగింది. కాసేపు చూసి మళ్ళీ అంది, "ముందుకు, మెల్లగా." మళ్ళీ టంగ్. మళ్ళీ ఆపు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అలా మూడోసారి కూడా అయ్యేసరికి జనంలో కదలిక పుట్టింది. ఏమమ్మా, ఇవాళ బయల్దేరుతుందా లేదా అన్నారు. ఇస్త్రీ చొక్కా ఆయన ఒకడు లేచి, ఆఫీసులో ఫిర్యాదు రాసిస్తానని దిగబోయాడు. ఆ మాట ఆమెకు వినబడింది. లైసెన్సు పెట్టెలోంచి తీయడం, బల్ల మీద పెట్టడం, కిటికీ వెనక కూర్చుని టికెట్లు చింపడం, అన్నీ కళ్ళముందు కదిలాయి. అయినా చెయ్యి చక్రం మీదికి పోలేదు.

"కూర్చోండి" అంది పంతులమ్మ, బడిలో పిల్లలతో అన్నట్టే. "మొన్న ఇలా ఆగి ఉంటే నా చెయ్యి బాగుండేది. ఆవిడ ఎందుకో ఆగారు, ఆగనివ్వండి."

ఇస్త్రీ చొక్కా ఆయన దిగనూ లేదు, కూర్చోనూ లేదు. ఇంతలో ఇంజను గది మెట్లెక్కి డ్రైవరు పైకి వచ్చాడు. చెవుల మీద నూనె, చేతిలో పానా. చక్రం గది గుమ్మంలో నిలబడి, జనానికి వినబడకుండా అన్నాడు.

"అమ్మాయీ, నలుగురిలో నా పరువు తియ్యకు. ఇంట్లో ఏమన్నా పడతాను. నిన్ను కోడలిగా తెచ్చుకున్న నోటితో ఇక్కడ గారు అనమంటే నాకు రావడం లేదు. నేను నీ పని ఎప్పుడైనా చెడగొట్టానా?"

"లేదు బావగారూ. ఒక్క పని చెయ్యండి. కాసేపు మీరు ఇక్కడ నిలబడండి, నేను కిందికి వెళ్తాను. తాళ్ళు విప్పలేదు, లాంచి ఎక్కడికీ పోదు. నాకు ఆర్డరు చెప్పండి."

ఆయన వద్దంటున్నా వినకుండా చేతిలోని పానా తీసుకుని మెట్లు దిగింది. దిగేటప్పుడు దారిలో, నిన్న తీసి పెట్టిన బకెట్టును మళ్ళీ కొక్కేనికి తగిలించింది. కళాసీ అది చూశాడు. చూసి, మీసం చాటున నవ్వుకున్నాడు.

డ్రైవరు ఇన్నేళ్ళలో ఆ గదిలో నిలబడ్డది లేదు. ఇంజను కనబడదు, మీట కనబడదు. కనబడేదల్లా ముందు కొస, దాని ముందు కొత్త కర్రతో తెల్లగా మెరిసే గుంజలు, లాంచి నిండా జనం తలలు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. ఏం చెయ్యాలో తోచక గొట్టంలోకి వంగి "వెనక్కి, సగం" అన్నాడు.

టంగ్.

పంకా తిరగలేదు. ఆయన కాళ్ళు ఆ వణుకు కోసం వెతుక్కున్నాయి. వినలేదేమో. "వెనక్కి, సగం" అన్నాడు గట్టిగా. టంగ్. జనం అటూ ఇటూ కదిలారు, లాంచి ఒరిగింది. టంగ్, టంగ్. ఏది పానా, ఏది మరొకటి? ఆయన గుంజల వైపు చూశాడు. తాళ్ళు కట్టే ఉన్నాయని తెలుసు, అయినా అరచేతులు తడిశాయి. చక్రం పట్టుకుని, గొట్టంలోకి కేకేశాడు.

"విన్నావా లేదా? చెప్పవేం?"

టంగ్.

"అది నా బకెట్టు అన్నా" అన్నాడు డెక్కు మీంచి కళాసీ.

ఎవరో కిసుక్కున నవ్వారు. డ్రైవరు నవ్వలేదు. మొన్న ఈ చక్రం పట్టుకుని, నీటిపోటు వెనకనుంచి తోస్తుంటే, తాళ్ళు లేకుండా, ఇదే చప్పుడు విని ఆమె నమ్మింది. ఎవరిని నమ్మిందో ఆయనకు ఇప్పుడు తెలిసింది. బకెట్టును కాదు, తననే. ఆ సిగ్గు ఆయన మెడ మీదికి పాకింది.

అప్పుడు గొట్టంలోంచి మనిషి గొంతు వచ్చింది. ఆమెది. పాఠం చెబుతున్నట్టూ లేదు, దెప్పుతున్నట్టూ లేదు. రోజూ చేసే పనిలో అనే మాటలా ఉంది.

"వెనక్కి, సగం, సరంగు గారూ."

పాదాల కింద పంకా వణికింది. తాళ్ళు బిగిశాయి. డ్రైవరు పట్టు సడలి, చేతులు చక్రం మీంచి వాటంతటవే జారాయి. "ఆపు" అన్నాడు. "ఆపాను, సరంగు గారూ" అని వచ్చింది.

మెట్ల దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆయన ఇంట్లోలాగే పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. ఆమె పానా ఆయన చేతికి ఇచ్చింది. ఆయన దాన్ని ఇంజను దగ్గరికి తీసుకుపోలేదు. మెట్ల పక్కనున్న పెట్టెలో పడేసి, మూత వేసి దిగాడు. కళాసీ ఎవరూ చెప్పకుండానే బకెట్టు తీసి గొట్టానికి దూరంగా పెట్టాడు.

ఆమె గొట్టం దగ్గర వంగింది.

"ముందుకు, మెల్లగా, డ్రైవరు గారూ" అంది. లాంచి మీద ఆమె కూడా ఆయనను అలా పిలవడం అదే మొదలు.

కింద నుంచి తుప్పు పట్టిన మర తిరిగినట్టు ఒక దగ్గు వచ్చింది. తర్వాత గొంతు.

"ముందుకు, మెల్లగా... సరంగు గారూ."

"తాళ్ళు విప్పు" అంది ఆమె కళాసీతో.

"విప్పుతున్నా, సరంగు గారూ" అన్నాడు కళాసీ, చెల్లెమ్మను ఎక్కడ వదిలేశాడో.

లాంచి రేవుకు దూరం జరుగుతుండగా ఆఫీసరు పరుగున వచ్చాడు. మొదటి ట్రిప్పు ఆలస్యమైందని ఎవరో చేరవేశారు. ఇంజను గది కిటికీ రేవు పలకల ఎత్తులోనే ఉంటుంది. అందులోంచి కనబడ్డ డ్రైవరు ముఖాన్ని చూసి, ఏమయ్యా, ఇంతసేపు ఎవరు ఆపమన్నారు అని అరిచాడు.

"సరంగు గారి ఆర్డరండి" అన్నాడు డ్రైవరు, మీట మీంచి చెయ్యి తియ్యకుండా. "ఫిర్యాదేమైనా ఉంటే నా మీద కూడా రాయించండి. మొన్నటి తప్పు నాది, అప్పుడు చెప్పలేదు."

ఆఫీసరు ఇంకా ఏదో అన్నాడు. మధ్యలో నీళ్ళు పెరిగిపోయాయి. ఇస్త్రీ చొక్కా ఆయన తిరిగి కూర్చుని, పక్కవాడితో, కెప్టెన్ గారు మొండిమనిషిలా ఉన్నారే అన్నాడు. పక్కనున్న చేపల ముసలమ్మ, తండేలంటే మొండిగానే ఉండాలి నాయనా అంది.

ఏటి మధ్యకు వచ్చాక ఆమె గొట్టంలోకి వంగి, పూర్తిగా ముందుకు పొమ్మంది. ఇంజను హోరెత్తింది. ఆ హోరులో జవాబు ముందు సగం ఎప్పటిలాగే కొట్టుకుపోయింది. చివర సాగదీసిన తోక ఒక్కటే పైకి వచ్చింది. ఆమె చెవి తీసి, రెండు చేతులా చక్రం పట్టుకుని, కళ్ళు నీళ్ళ మీద పెట్టింది.